స్కేలు కింద పేరు

ఆయన నిజాయితీపరుడు. అదే మా కొంప ముంచింది.

డెబ్బైల చివర నందిగామలో మా పక్కింట్లో అద్దెకుండే పోలీసు స్టేషన్ రైటరు గారాయన. ప్రతి నెలా అనుమానితుల జాబితాకు నకళ్ళు రాసి జగ్గయ్యపేట వైపూ, జిల్లా సరిహద్దు దాటి కోదాడ వైపూ ఉన్న స్టేషన్లకు పంపాలి. ఆదివారం వసారాలో కూర్చుని, వరస తప్పకుండా స్కేలును ఒక్కో పేరు కిందికీ జరుపుతూ రాసేవారు.

అందులో మా తమ్ముడి పేరుంది. కాలేజీ సమ్మెలో పట్టుకెళ్ళారు. కోర్టు కేసు కొట్టేసినా పేరు ఉండిపోయింది. చేతికొచ్చిన రెండు ఉద్యోగాలు పోలీసు విచారణలో పోయాయి.

"ఎక్కించింది మీరేగా, తీసెయ్యండి" అని గోడ మీంచే దెబ్బలాడాను.

"ఎక్కించడానికి మా ఎస్సై గారు చాలమ్మా. తియ్యాలంటే సర్కిల్ గారు, డీఎస్పీ గారు, ఎస్పీ గారు, ఆ పైన హైదరాబాదు..."

"పోనీ ఒక్క నెల మర్చిపోండి బాబాయి గారూ! మీ నకలే కదా అందరికీ ఆధారం?"

నేను లంచం ఇవ్వబోయినట్టు చూశారు. "ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్క పేరు వదల్లేదమ్మా."

తర్వాతి ఏడేళ్ళూ వదల్లేదు.

రిటైరైన రెండు నెలలకు పాత స్టేషన్‌కు ఓసారి వెళ్ళొచ్చి, మండిపడుతూ మా ఇంటికొచ్చారు. "చూశావా అమ్మా, కొత్త రైటరు బద్ధకం! మీ తమ్ముడితో సహా నాలుగు పేర్లు వదిలేసి పంపాడు. ఒక్క ఆఫీసరూ అడగలేదు!"

అప్పటికి మా తమ్ముడికి సర్కారు ఉద్యోగానికి వయసు దాటి ఏడాది. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో లారీలకు చీట్లు రాస్తున్నాడు.

ఆయనకు మంచినీళ్ళిచ్చాను. ఆ బద్ధకస్తుడు ఏడేళ్ళ ముందే బదిలీ అయి రానందుకు ఇప్పటికీ ఏడుస్తాను.