ముక్కులేని జాతి

పిల్లి అంటే నాకు చిన్నప్పటి నుంచీ రోత. భయం కాదు, ఎదురొస్తే అపశకునమన్న పట్టింపూ కాదు. అచ్చమైన రోత. నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊళ్లో, అమ్మా నాయినా వలసపోయినన్నాళ్లూ నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. ఒక వానాకాలం ఊరపిల్లి ఒకటి మా బొంతల మధ్య దూరి పిల్లల్ని పెట్టింది. తెల్లారి చూస్తే అందులో ఒక పిల్ల సగమే ఉంది. మిగతా సగం తిన్నది దాని తల్లే. నా కళ్లముందే మూతి నాక్కుంది. అవ్వ ఆ బొంతను వాగులో ఉతికి, ఆరేసి, ఆ రాత్రి మళ్లీ నాకే కప్పింది. మా ఇంట్లో బొంత పారేసే రోజులు కావవి.

అట్లాంటిదాన్ని, టీచరునై గద్వాలలో కాపురం పెట్టాక, ఒక పిల్లి కోసం ఇంకొకరి గడప చుట్టూ తిరిగాను. నా కూతురి కోసం తిరిగాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా టీచర్ల చేతుల్లోకి వస్తున్న రోజులవి. మా ఆయన కొలువు వనపర్తిలో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. నా బడి గద్వాల అవతల ఒక పల్లెలో. బిడ్డ బడి నాకన్నా ముందే వదిలేవారు. దాని బ్యాగులో తాళంచెవి ఉండేది, కానీ తలుపు తీసేది కాదు. నేను బస్సు దిగి వచ్చేదాకా బయట మెట్ల మీదే కూర్చునేది. ఒకరోజు నేను వచ్చేసరికి గోడ మీది బల్లితో మాట్లాడుతోంది. బళ్లో ఎవరు కొట్టారు, ఎవరు పెన్సిలు దాచారు, అన్నీ వరసగా చెప్తోంది.

"లోపలికి పోయి కూసోరాదు బిడ్డా?" అన్నాను.

"లోపల ఎవ్వరు లేరు గదనే. ఎవలన్న ఉంటే పోత."

"ఎవలుంటరు మరి?"

"పిల్లి ఉన్నా సరే," అంది.

కుక్కంటే ఇంటి ఓనరు ఒప్పుకోడు. చిలకను పంజరంలో పెట్టడం నాకిష్టం లేదు. చివరికి నా ప్రాణానికి పిల్లే దిక్కయింది. ఈ సంగతి విన్న ఇంటి ఓనరు భార్య నాకు ఉపకారం చేయబోయింది. "కోట దిక్కు రిటైరైన పెద్ద మేడం ఉంది గద, ఆమె ఇంట్ల పిల్లి పిల్లల పెట్టిందంట. ఉత్త పిల్లి కాదు, పరేషాన్ పిల్లంట," అంది. పర్షియన్ అన్న మాట ఆమె నోట్లో పడి అట్లా అయింది. అప్పుడు నవ్వాను. తర్వాత తెలిసింది, ఆమె అన్నదే నిజం.

పెద్ద మేడం అంటే హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. మేము మొదటిసారి వెళ్లినప్పుడు మర్యాదకు లోటు లేదు. హాల్లో సోఫా మీద కూర్చోబెట్టింది, స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చింది, పాపకు బిస్కెట్లు పెట్టింది. తర్వాత పిల్లిని ఎత్తుకొచ్చింది.

తెల్లటి బొచ్చు, నిజమే. కానీ ఆ మొహం! పరుగెత్తుకెళ్లి గోడకు గుద్దుకున్నట్టు చప్పిడిగా అణిగిపోయింది. ముక్కు ఉండాల్సిన చోట రెండు చిల్లులు. కళ్ల నుంచి కారిన నీళ్లు బొచ్చు మీద గోధుమరంగు చారలు కట్టి ఎండాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా జలుబు చేసిన పిల్లాడి ముక్కులా గురగురమంటోంది. జబ్బు చేసిందా అని అడిగాను.

"జబ్బు కాదు మేడం, అది దాని జాతి లక్షణం," అంది ఆమె గర్వంగా. "ముక్కు ఎంత లోపలికుంటే అంత అసలు జాతన్నట్టు. హైదరాబాద్‌ల మా తమ్ముడిచ్చిండు. పిల్లల కోసం మళ్ల గాడికే తీస్కపోయినం. బయట మంచి జాతి యాడ దొరుకుతది? అందుకే దాని అన్నతోనే కలిపినం."

"అన్నతోనా?"

"ఒక్క కాన్పుల పుట్టినయి రెండు. మన మేనరికం లెక్క అనుకోండ్రి." పకపకా నవ్వింది.

మేనరికం ఎక్కడ, ఇదెక్కడ! చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. మా బిడ్డ మాత్రం అప్పటికే నేల మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి లాక్కుంది. కంటి దగ్గర కట్టిన పుసిని చిటికెన వేలితో తీసి గౌనుకు తుడుచుకుంది. నాకు డోకొచ్చింది. బిడ్డ మొహం చూశాను. నెలల తర్వాత అది అట్లా నవ్వడం. డోకును మింగేసుకున్నాను.

పిల్లను ఊరికే ఇవ్వనంది మేడం. "జాతి పిల్లంటే ఊరపిల్లి లెక్క కాదు. పిల్లలు తల్లి పాలు మరిచేదాంక ఐతారం ఐతారం రాండ్రి. దాని పద్ధతులన్ని తెల్సుకోండ్రి. గప్పుడిస్త." న్యాయమే అనిపించింది. పెంచబోయేదాని గురించి ముందే తెలుసుకోవడంలో తప్పేముంది? లేచేటప్పుడు మామూలుగా అడిగినట్టే అడిగింది, "మీరేమోళ్లు?" అని.

మా దిక్కు ఈ ప్రశ్నకు ఒకటే అర్థం. ఊరు కాదు అడిగేది, కులం. నేను ఊరనుకున్నట్టు నటించి, "నాగర్‌కర్నూల్ దిక్కు మేడం," అని చెప్పులేసుకున్నాను.

ప్రతి ఆదివారం వెళ్లినకొద్దీ ఆ జాతి గురించి నా జ్ఞానం పెరిగింది, దాంతోపాటే రోతా పెరిగింది. రోజూ దువ్వాలి, లేకపోతే బొచ్చు ఉండలు కడుతుంది. దువ్విన బొచ్చు మన చీరకు, చాయ్‌లోకి, నోట్లోకి. అది తన ఒళ్లు నాక్కుని మింగిన బొచ్చును తడి వత్తిలా కక్కుతుంది. కక్కేముందు వీపు వంచి, మెడ చాచి, హక్ హక్ మని చేసే చప్పుడు నేనింకా మర్చిపోలేదు. తోక కింద బొచ్చుకు అంటుకున్నదాన్ని వారానికోసారి కత్తెరతో కత్తిరించాలి. తట్టలో ఇసుక పోసి దొడ్డికి అలవాటు చేయాలి. ఆ తట్ట వంటింటి తలుపు పక్కనే! ఎండాకాలం కూలర్ లేకపోతే నోరు తెరుచుకుని రొప్పుతుంది. మా గద్వాల ఎండకు మనుషులే రొప్పుతారు, మా ఇంటికి కూలర్ లేదు. ఇంట్లో నీసు వండరట, అందుకని పెరట్లో వేరే పొయ్యి పెట్టి దానికి కోడికాలేయం ఉడికిస్తారు. అది తిని, మూతి నాక్కుంటూ, నేరుగా దేవుడి గదిలోకి పోయి పడుకునేది. ఎవరూ అదిలించేవారు కాదు.

మా బిడ్డకు ఇవేవీ పట్టలేదు. దువ్వడం నేర్చుకుంది, తడి దూదితో కళ్లు తుడవడం నేర్చుకుంది. పిల్లల్లో ఒకదాన్ని తనదనుకుంది. దాని కోసం పాత చెప్పుల డబ్బాలో నా చీరముక్క పరిచి మంచం కింద పెట్టుకుంది. మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నా ఇప్పుడు బల్లితో కాదు, రాబోయే పిల్లికి ఏం చెప్పాలో అనుకుంటూ కూర్చునేది.

ఒకసారి బయల్దేరుతుంటే మేడం, "వచ్చే ఐతారం పొద్దుగాల రాండ్రి. స్నానం చేపిస్త, చూద్దురు," అంది.

"పొద్దుగాల కుదరదు మేడం, పగటాల్ల వస్తం," అన్నాను.

"బడి లేకపాయె. ఐతారం పొద్దుగాల మీకేం పని?"

నేను ఏదో ఒకటి చెప్పేలోపే మా బిడ్డ అందుకుంది. "మేం ప్రార్థనకు పోతం మేడం."

"ఓ..." అంది ఆమె. ఆ "ఓ" చాలాసేపు సాగింది. నా మొహం చూసింది, చెవులు చూసింది, మెడ చూసింది. ఇన్నాళ్లు చూడనివేవో అక్కడ రాసి ఉన్నట్టు.

తర్వాతి ఆదివారం వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. "లోపల ఉక్కపోస్తుంది, ఈడనే కూసో," అంది. ఉక్క లేదు. హాల్లో కూలర్ తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. మేడం, రాండ్రి, కూసోండ్రి అన్నవన్నీ ఒక్క వారంలో నువ్వు, రా, కూసోలోకి దిగిపోయాయి. చాయ్ వచ్చింది, ఫంక్షన్లలో తాగి పారేసే పలచని ప్లాస్టిక్ గ్లాసులో. వేడికి వంగిపోతున్న గ్లాసును నేను కొంగుతో పట్టుకుని కూర్చుంటే, ఆ ముక్కులేని పిల్లి గడప దాటి బయటికొచ్చి నా కాళ్లు వాసన చూసి, మళ్లీ గడప దాటి లోపలికి పోయింది. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ల మీద మనకు సామెత ఉంది గాని, పిల్లికి తప్ప పెట్టనివాళ్ల మీద లేకపోవడం లోటే.

నాకు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ఊళ్లో చూసిందే. కాకపోతే చదువుకుని, కొలువు తెచ్చుకుని, ఒక హెడ్మిస్ట్రెస్ వరండాలో మళ్లీ చూస్తానని అనుకోలేదు. ఒళ్లంతా ఏదో జిగట పూసినట్టనిపించింది. ఆమె చీరకు అంటుకున్న బొచ్చు, ఆమె నవ్వు, ఆ గురగుర, ఆ వాసన, అంతా కలిసి ఒకటే రోత. లేచి వచ్చేయాలి. కానీ మా ఇంటి మెట్ల మీద ఒంటరిగా కూర్చునే నా బిడ్డ కళ్లముందు మెదిలింది. దానికేం తెలియదు కదా, పిల్లిని తీసుకుని పోదాం, అంతవరకు ఓర్చుకుంటే చాలనుకున్నాను. చాయ్ పక్కనున్న పూలకుండీలో పారబోసి కూర్చున్నాను. ఆ తర్వాత కూడా వెళ్లాను. వరండాలోనే కూర్చున్నాను. బిడ్డను మాత్రం ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి పంపేవారు, పిల్లల దగ్గరికి.

చివరికి పిల్లను ఇచ్చే రోజు వచ్చింది. మేడం దాన్ని తెచ్చి మా బిడ్డ ఒళ్లో పెట్టింది. పిడికెడంత ఉంది. దానికీ ముక్కు లేదు.

"తీస్కపో. పాలు మరిచింది," అంది నాతో. "ఒక్కటే మాట. మీరు గవి గివి తింటరు గద, పెద్దకూర. నువ్వు దానికి ముట్టియ్యకు. జాతి చెడ్తది."

మా ఇంట్లో గొడ్డుమాంసం వండుతామో లేదో ఆమె ఎన్నడూ చూడలేదు, అడగలేదు. తోడబుట్టినవాటిని జతకట్టించి, ఊపిరాడని బిడ్డల్ని పుట్టించిన మనిషి నాకు జాతి చెడడం గురించి చెప్తోంది. బిడ్డ ఒళ్లోంచి పిల్లను తీసి ఆమె గడప లోపల దించాను.

"వద్దు మేడం. సక్కగ గాలి పీల్చరాని జాతి మాకెందుకు?"

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పొగరు చూడు! నీ బిడ్డ ఏడుస్తది, జర ఆలోచించు," అంది.

నా భయమూ అదే. బిడ్డ చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచాను గాని, దాని మొహం చూసే ధైర్యం లేదు. కోట గోడ దాటాం, అంగళ్లు దాటాం. ఏడుపు వినపడలేదు. ఏదో ఒకటి చెప్పాలి కదా, ఉన్న కారణాలన్నీ పోగుచేశాను. "మన ఇంట్ల కూలర్ లేదు గద బిడ్డా. ఎండకు సచ్చిపోతది. బొచ్చు నీకు ముక్కుల పోతది. ఊరపిల్లి పిల్ల దొరుకుతదేమో చూద్దాం, అదైతే గట్టిగుంటది." ఊరపిల్లి! నేను, ఆ బొంత కప్పుకుని పడుకున్నదాన్ని!

"నాకు తెల్సమ్మా," అంది అది, తల ఎత్తకుండా. "గామె మనకు గిన్నెల పొయ్యదు."

"ఏం గిన్నె?"

"మొన్న పెరట్ల దూప అయితుందంటే దోసిలి పట్టుమన్నది. చెంబుతోని పైనుంచి పోసింది. నీళ్లన్ని గౌను మీద పడ్డయి. పిల్లికేమో గిన్నెల పోసింది."

నడిరోడ్డు మీద ఆగిపోయాను. ఆ రోజు అది తడిసిన గౌనుతో వచ్చిన సంగతి గుర్తుంది. పిల్లితో ఆడుకుని తడుపుకుందని కసిరాను కూడా.

"గప్పుడే నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నువ్వు పిల్లి వద్దంటవని," అంది.