నేరేడు చెట్టుకు పేన్లు

మా నాయనమ్మ ఒక మాట అనేసిందంటే ఇక అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాకూ ఆ గుణమే వచ్చిందని అమ్మ దెప్పేది. అందుకే నాయనమ్మకూ నాకూ క్షణం పడేది కాదు. ఆ ఏడు మరీను. తెలంగాణ కావాలని ఊరూవాడా అట్టుడుకుతోంది, కాలేజీలు మూసేశారు. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న నేను పొద్దస్తమానం ఆమె కళ్ల ముందే ఉండాల్సి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ అప్పటికింకా పట్నం పొలిమేరే. ఇంటి వెనక ద్రాక్షతోటలు, మా పెరట్లో పెద్ద నేరేడు చెట్టు. పెరటి వైపున్న రెండు గదులు కోస్తా నుంచి వచ్చిన ఒక జంటకు కిరాయికిచ్చాం. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. మోకాళ్ల దాకా జుట్టు ఆమెకు, చూస్తే నాకు కుళ్లుగా ఉండేది.

మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఆడవాళ్లం చెట్టు కింద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేన్లు చూసుకునేవాళ్లం. అందరికంటే వెనక నాయనమ్మ, ఆమె ముందు అమ్మ, అమ్మ ముందు అక్క, అక్క ముందు నేను. నాయనమ్మ మాత్రం తన తల ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, తనకు పేన్లే లేవనేది. దొరికినవాటిని గోళ్ల మధ్య చిట్లించేవాళ్లం. కబుర్లు రంజుగా ఉన్నప్పుడు అంత ఓపికెక్కడిది, చెట్టు మొదట్లోకి విదిలించేసేవాళ్లం.

వానలు మొదలైన కొత్తల్లో ఒక పొద్దున చూస్తే, నేరేడు మానుకు పల్చటి మల్లుగుడ్డ చుట్టినట్టు తెల్లటి పొర. నాయనమ్మ పుల్లతో దాన్ని చీల్చింది. లోపల నువ్వుగింజలో సగం కూడా లేని గోధుమరంగు పురుగులు బిలబిలమంటూ గుంపుగా ఒక పక్కకు పరుగెత్తాయి.

"ప్రభువా! చెట్టుకు పేన్లు పట్టినయే!" అంది.

మేం విదిలించిన పేన్లే మానెక్కి సంసారం పెట్టాయని ఆమె తీర్పు. అమ్మ కూడా నమ్మేసింది. ఇక మిగిలింది అవి ఎవరి తలలోవి అన్న మాట.

"గంత జుట్టు ఎవలికుంది? గామె ఒచ్చినంకనే గిట్లయింది. చెట్టు మీదికెల్లి మల్ల మన తలలకు, మన తలలకెల్లి వాడకట్టుకు! నెల దాటకముందే ఇల్లు ఖాళీ చెయ్యమను," అంది నాయనమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊరేగింపుల్లో గొంతు బొంగురుపోయేదాకా అరిచినదాన్నే నేను. ఉద్యోగాల కోసం కొట్లాడటం వేరు, పేన్ల పేరు చెప్పి ఒక ఆడమనిషిని గడప దాటించడం వేరు. ఆ రోజుల్లో వాళ్లకు ఇంకో ఇల్లు ఎవరిస్తారు? పరుగున అక్క దగ్గరికి వెళ్తే, కిటికీలోంచి అంతా వినేసినట్టుంది, చీరలు మడిచి ట్రంకుపెట్టెలో పెడుతోంది.

"మామ్మగారితో గొడవెందుకమ్మాయ్? వెళ్లిపోతాంలే," అంది. కాసేపటికి తనే మళ్లీ, "మా వాళ్లొకాయన చంపాపేటంతా తిరిగొచ్చాడు, ఒక్కరూ గది ఇవ్వలేదట. మా ఆయన ఆఫీసు నుంచి రాగానే ఏమని చెప్పను?" అంది. కళ్లు తుడుచుకోను కూడా లేదు పిచ్చిది.

కాలేజీ భూతద్దం తీసుకుని చెట్టు దగ్గర కూలబడ్డాను. నిజం పేన్లే అయితే ఏం చేయాలో నాకూ తెలియదు. పుల్ల కొసన ఒకదాన్ని పట్టి చూశాను. ఒంటికంటే పొడవైన మీసాలు! ముఖం ముందుకు ఉబ్బి ఉంది. పెద్దవాటికి వీపు మీద పెంకుటింటి కప్పులా వాలిన రెక్కలు. పేనుకు రెక్కలెక్కడివి, పేనుకు అంతేసి మీసాలెక్కడివి! పుస్తకం తిరగేస్తే బొమ్మ దొరికింది. బెరడు మీద పట్టిన బూజూ పాచీ గీక్కుని తిని బతికే పురుగులట, గూడు కోసం ఆ పొర అల్లుకుంటాయట, చెట్టుకూ మనిషికీ ఏ హానీ లేదట. హమ్మయ్య అనుకున్నాను, బయటికే అనేశాను. వాటి ఇంగ్లీషు పేరులో మాత్రం పేను అన్న మాట ఉంది. ఆ ముక్క నాయనమ్మకు చెబితే ఒట్టు.

పక్కన పెట్టి చూపించడానికి ఒక అసలు పేను కావాలి. దువ్వెన ఒక్కసారి గీశానో లేదో, నా తలలోంచే రాలింది. రెండింటినీ తెల్ల సాసర్లో వేసి నాయనమ్మ ముందు పెట్టి, భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"మీసాలున్నయి గదనే దీనికి," అని గొణిగింది. అంతలోనే బిగుసుకుంది. "పేనుకు పెత్తనమిస్తే తలంత గొరిగిందంట. నాలుగు బుక్కులు సదివి నాకు జెప్తవా? పేను కాకుంటే నీ తలల ఏస్కో, సూస్త."

నాకు రోషం వచ్చింది. మాను మీంచి చేతికొచ్చినన్ని తీసి పాపిట్లో పోసుకున్నాను. అమ్మ కెవ్వుమంది. అవి నుదుటి మీంచి, చెవుల పక్కనుంచి జారుకుంటూ పోయాయి, జుట్టు పట్టుకుని ఉండిపోయినది ఒక్కటీ లేదు. తర్వాత సాసర్లోని పేనును తీసి మాను మీద పెట్టాను. దానికి పట్టు దొరకలేదు. కాసేపు కాళ్లు ఆడించి రాలి పడింది.

నాయనమ్మ దాన్నే చూస్తూ, "గిది ఎవలి తలలది?" అంది.

"నాదే. నీ మనవరాలిదే. మరి నన్ను గూడ ఖాళీ చెయ్యమంటవా?"

ఆమె లేచింది. పీట చంకన పెట్టుకుని, దువ్వెన తీసుకుని అక్క వాళ్ల గదుల వైపు నడిచింది. నేను భయపడుతూ వెంట వెళ్లాను. అక్క గడప మీద కూర్చుని ఉంది, వెనక ట్రంకుపెట్టె మూత తెరిచే ఉంది. నాయనమ్మ పీట వేసుకుని అక్కకు వీపు పెట్టి కూర్చుంది. ఎన్నడూ ఎవరికీ ఇవ్వని తల, ముడి విప్పింది.

"జర సూడమ్మా," అంది.

అక్క నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె దువ్వెన తీసుకుని ఆ తెల్లజుట్టు పాయలు తీసి, "మామ్మగారూ, పేన్లున్నాయండీ. ఈపులు కూడా ఉన్నాయి," అంది భయంభయంగా.

"ఉండవా మరి," అంది నాయనమ్మ, తల ఇంకాస్త వెనక్కి వాల్చి. "ఇంట్లోల్లు తియ్యకుంటే ఎవలు తీస్తరు?"