ఎస్తేరు టీచరు గారు పగలగొట్టించిన రేవు

పోయిన ఆదివారం బందరు నుంచి కోడూరు వెళ్తూ దారిలో బండి ఆపాను. ఎవరో కాలువలోంచి, నీళ్ళ మీద అల్లుకునే గుర్రపుడెక్క లాగి రోడ్డు పక్కన కుప్పలు పోశారు. ఎండకు అది కుళ్ళి, బురదా చేపల నీచూ పులిసిన గడ్డీ కలిసిన వాసన వస్తోంది. వెనక ఆటోలో వాళ్ళు ముక్కులు మూసుకుని వెళ్ళిపోయారు. నేను హెల్మెట్ తీసి కాసేపు అక్కడే నిలబడ్డాను. నాకు చదువు చెప్పిన ఎస్తేరు టీచరు గారి దగ్గర, ఆవిడ చివరి సంవత్సరాల్లో, ఆదివారం మధ్యాహ్నాలు సరిగ్గా ఈ వాసనే వచ్చేది.

ఆవిడ పొట్టిగా ఉండేవారు. నేత చీర, మెడలో సన్నటి గొలుసు, ఎవరు మాట్లాడుతున్నా కళ్ళు చిట్లించి చివరిదాకా వినే అలవాటు. మా నాన్న దివిసీమలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో నేను చదివిన హైస్కూల్లో ఆవిడ సోషల్ చెప్పేవారు. శుక్రవారం చివరి పీరియడ్ మాచేత వాదోపవాదాలు చేయించేవారు. ఒకసారి బోర్డు మీద 'దేవుడు ఉన్నాడా' అని రాశారు. నేను అప్పటికే ఇంట్లో సంధ్యావందనం మానేసి తన్నులు తిన్నవాణ్ణి. లేడనే పక్షం నాదేనని లేచాను. ఆవిడ నన్ను ఉన్నాడనే పక్షంలో నిలబెట్టారు.

"నేను నమ్మని మాట ఎలా చెప్పనండీ?" అన్నాను.

"నిన్ను నమ్మమని ఎవరన్నారు? నమ్మేవాడు ఎందుకు నమ్ముతాడో చెప్పు. అది తెలియకుండా కాదంటే దాన్ని వాదన అనరు అబ్బాయ్, అలక అంటారు."

లేడనే పక్షం ఆవిడే తీసుకున్నారు. మమ్మల్నందరినీ ఓడించారు. ఆ ఆదివారమే చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడారని విని, సోమవారం నేను ఎగతాళిగా, "మీ దేవుడు ఓడిపోయాడు కదండీ" అన్నాను. "ఆయనేమీ అనుకోడులే. నువ్వు సరిగ్గా మాట్లాడలేదని నేనే అనుకున్నాను" అన్నారు. నేను ఇవాళ్టికీ దేవుణ్ణి నమ్మను. ఆవిడ చివరిదాకా నమ్మారు. అయినా హేతువంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే అని ఎక్కడైనా చెబుతాను.

చాలా ఏళ్ళ తర్వాత, నేను బందరు కాలేజీలో పాఠాలు చెబుతూ పత్రికలకు రాస్తున్న రోజుల్లో ఆవిడ ఫోన్ చేశారు. అప్పటికి రిటైరయ్యారు. "వ్యాసాలు బాగానే ఉంటున్నాయి. ఆదివారం చేతులు ఖాళీయేనా?" అని అడిగారు. టీచరు గారుండే మా పాత ఊరి పక్కనుంచి సముద్రానికి పోయే కృష్ణ పాయ ఒకటుంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని ఏరు అనే అంటారు. మా చిన్నప్పుడు దాన్లో ఈదేవాళ్ళం. నేను వెళ్ళి చూసేసరికి గట్టు నుంచి గట్టుకు డెక్క పరుచుకుపోయి ఉంది, నీళ్ళ మీద కుక్క నడిచి వెళ్తోంది. నది తల్లి అని దణ్ణం పెట్టేవాళ్ళూ, ఆ నీళ్ళలోనే కొత్త జన్మ ఎత్తామని సాక్ష్యం చెప్పేవాళ్ళూ కలిసి ఆ ఏటిని ఆ గతి పట్టించారు. హారతిచ్చిన చేత్తోనే పాలిథిన్ కవరు వదిలారు. ఈ మాట అక్కడే గట్టిగా అన్నాను. "రాసుకుందువు గానీ, ముందు కొడవలి పట్టుకో" అన్నారు టీచరు గారు.

ఆదివారం పని అంటే మా ఊళ్ళో చిన్న చిక్కుంది. సగం మందికి ఉదయం ఆరాధన ఉంటుంది. అందుకని తెల్లవారుజామున హిందువులు దిగేవాళ్ళు, ఆరాధన అయ్యాక క్రైస్తవులు వచ్చేవాళ్ళు. గుడి షిఫ్టు, చర్చి షిఫ్టు అని పేర్లు పడ్డాయి. "మెత్తటి డెక్కంతా మీరు లాగేసి, ముళ్ళ కంపలున్న చోటు మాకు వదిలేశారేం బావా?" అని వీళ్ళు, "మీకు ప్రార్థన బలం ఉంది కదా బావా" అని వాళ్ళు. మధ్యాహ్నం భోజనాలు మాత్రం కలిసే. అంతమంది కలిసి లాగినా, నెల తిరిగేసరికి డెక్క మళ్ళీ వచ్చేది. ఊరి దిగువన ఏరు మలుపు తిరిగే చోట నీళ్ళు కదలడం లేదు. నిలవ నీళ్ళలో డెక్క పెరక్క ఏం చేస్తుంది? అంతకన్నా పెద్ద కష్టం, ఆ మలుపుకు ఎగువనున్న పల్లపు పొలాల్లో నీరు దిగక ఏటా నారుమళ్ళు కుళ్ళిపోయేవి. మాతో డెక్క లాగేవాళ్ళలో చాలామంది పొలాలు అవే. వానలు పడేలోగా మలుపు తెరుచుకోకపోతే ఆ ఏడూ వాళ్ళకు పంట లేనట్టే.

మలుపు దగ్గర కోటేశ్వరరావు గారి రొయ్యల చెరువు ఉంది. దాని గట్టు ఏట్లోకి జరిపి వేశారు. అది కళ్ళకు కనిపిస్తున్న విషయం. నేను ఒక్క రాత్రిలో కరపత్రం రాశాను. ఏటిని మింగిన దొంగ అని మొదలుపెట్టాను. అచ్చుకు ఇచ్చే ముందు టీచరు గారికి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి, "ఇందులో అబద్ధం లేదు. వెళ్ళి ఆయన ముందు చదివి రా" అన్నారు.

"ఆయన ముందా?"

"ఊరంతా చదవచ్చు గానీ ఆయన వినకూడదా?"

వెళ్ళాను. కోటేశ్వరరావు గారు చెరువు గట్టు మీద మేత బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నాకూ ఒక కుర్చీ వేయించారు. నేను నిలబడే చదివాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"బాగా రాశావు బాబూ. గొంతు కూడా బావుంది," అన్నారు చివరికి. "గట్టు ఏట్లోకే వేశాను, కాదనను. కానీ ఎదురుగా చూడు. అదేంటి?"

ఎదురొడ్డున ఎస్తేరు టీచరు గారు కట్టించిన రేవు ఉంది. ఆవిడ భర్త శామ్యూల్ మాస్టారు పోయాక ఆయన పేరు మీద కట్టించారు. వెడల్పాటి సిమెంటు మెట్లు, వాటి ముందు ఏట్లోకి చొచ్చుకొచ్చిన పెద్ద దిమ్మె, దిమ్మె గోడకు ఆయన పేరు చెక్కిన పాలరాయి. ఆడవాళ్ళు అక్కడే బట్టలు ఉతుక్కునేవాళ్ళు. బాప్తిస్మాలు అక్కడే ఇచ్చేవాళ్ళు. కార్తీక మాసంలో దీపాలు కూడా అక్కడి నుంచే వదిలేవాళ్ళు. ఊరందరికీ ఇష్టమైన చోటు అది.

"నేను ఈ పక్క నుంచి నొక్కుతున్నాను, ఆవిడ ఆ పక్క నుంచి నొక్కుతున్నారు," అన్నారాయన. "ఆ ముక్క నీ కాయితంలో లేదేం? ఆవిడ రేవు కొట్టించమను. నా గట్టు నేనే కొట్టేసుకుంటా."

అది జరగదన్న ధీమాతో అన్న మాట. నాకూ అలాగే అనిపించింది. తిరిగొచ్చి టీచరు గారితో చెప్పాను. ఆవిడ గొడుగు తీసుకుని ఒక్కరే రేవు దాకా వెళ్ళొచ్చారు. "నిజమే అబ్బాయ్. దిమ్మె వెనక నీళ్ళు నిలబడిపోతున్నాయి. రోజూ అక్కడే కూర్చుంటాను, చూడనేలేదు" అన్నారు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర రేవు పగలగొడదామని ఆవిడే ప్రతిపాదించారు. ముందుగా అడ్డుపడింది చర్చి పెద్ద దానియేలు గారు.

"అక్కా, అది మాస్టారి పేరు మీద ఉన్నది. మా అబ్బాయి బాప్తిస్మం అక్కడే అయింది. ఆ చెరువాయన ఏదో అన్నాడని మనం కొట్టేసుకుంటామా? రేపు ఆయన గట్టు కొట్టకపోతే?"

"కొట్టకపోతే ఏరు సగమైనా పారుతుంది తమ్ముడూ. ఇప్పుడు అదీ లేదు కదా."

"మరి మాస్టారు?"

"ఆయన ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పారు. ఆయన పేరు చెప్పి నీళ్ళకు అడ్డం నిలబడితే ఆయనే ఒప్పుకోరు. బాప్తిస్మానికి నీళ్ళు కావాలి గానీ సిమెంటు ఎందుకు?"

దానియేలు గారు చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. పగలగొట్టే రోజు మాత్రం మొదటి సమ్మెట ఆయన చేతిలోనే ఉంది. గుడి షిఫ్టూ చర్చి షిఫ్టూ అన్న తేడా లేకుండా అందరూ పొద్దున్నే దిగారు, ఆ వారం ఆరాధన సాయంత్రానికి మార్చుకున్నారు. పాలరాయి ఊడదీసి ఏం చేయమంటారని అడిగితే, "మా వంటింట్లో పిండి వత్తుకోవడానికి బావుంటుంది" అన్నారు టీచరు గారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. తర్వాత అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నారు. నాకు తెలిసి ఆవిడ ఏడ్చింది అంతే. దిమ్మె చివరి ముక్క లాగేసరికి దాని వెనక నిలిచిన నల్లటి నీళ్ళు మెల్లగా కదిలాయి.

ఎదురు గట్టు మీద కోటేశ్వరరావు గారు పనంతా చూసి వెళ్ళిపోయారు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. మావాళ్ళు మండిపడ్డారు. రాత్రికి రాత్రి గట్టుకు గండి కొట్టేద్దాం అన్నారు. టీచరు గారు ఒప్పుకోలేదు. "ఆయన చెరువులో పంట ఉంది. మీకు మీ నారుమడి ఎంతో ఆయనకు ఆ రొయ్య అంతే" అన్నారు. ఆకాశం చూస్తే మబ్బు పడుతోంది. నాకే భయం వేసింది, ఆవిడ మంచితనం వల్ల పల్లపు పొలాలు మునిగిపోతాయేమోనని.

ఒక ఉదయం చెరువు దగ్గర ఐసు వ్యాన్ ఆగింది. రొయ్య ఇంకా ఎదగలేదు, అయినా వల వేసి పట్టేయిస్తున్నారు. ఆ మధ్యాహ్నానికి పొక్లెయిన్ వచ్చింది. కోటేశ్వరరావు గారు టీచరు గారి దగ్గరికొచ్చి, "పిల్ల రొయ్యను పట్టించేశారు కదండీ నాచేత" అన్నారు.

"నేనా? నువ్వే అన్నావు కోటేశ్వరరావూ."

"అన్నాను. మీరు కొట్టిస్తారనుకున్నానా?"

గట్టు వెనక్కి జరిగింది. వానలు వచ్చాయి. పల్లపు పొలాల్లో నీళ్ళు ఒకటి రెండు రోజులు నిలబడి దిగిపోయాయి, నారు నిలిచింది. నా కరపత్రం అచ్చు కాలేదు.

ఆవిడ పోయాక జరిగిన సంతాప సభలో అందరూ ఆవిడ త్యాగం గురించి మాట్లాడారు. నాకు ఆ మాట నచ్చలేదు, వేదిక మీదే చెప్పాను. త్యాగం అనేస్తే దండ వేసి ఇంటికెళ్ళిపోతాం. ఆవిడ చేసింది తర్కం. ఇతరుల గట్టు దాకా నడిపించిన వాదనను తన మెట్ల దాకా కూడా నడిపించారు. ఈ దేశంలో సంస్కరణ పేరుతో మైకు పట్టుకున్నవాళ్ళలో ఆ రెండో నడక నడిచినవాళ్ళు ఎందరు? అలాంటి మనిషి నాకు పాఠం చెప్పారని గర్వంగా ఉంటుంది.

ఈ మధ్య బందరులో మా వీధి మురుగు కాలువ గురించి ఒక వ్యాసం మొదలుపెట్టాను. ఎవరికి వారు గేటు ముందు కాలువ మీద ర్యాంపులు కట్టుకోవడం వల్ల నీళ్ళు పోవడం లేదని. మొదటి పేరా రాశాక లేచి బయటికి వెళ్ళి మా గేటు ముందు చూశాను. వ్యాసం పక్కన పెట్టి, మేస్త్రీని పిలిచి మా ర్యాంపు తీయించాను. ఇప్పుడు బండి లోపలికి ఎక్కించాలంటే చెక్క వేసుకోవాలి, మా ఆవిడ రోజూ విసుక్కుంటుంది. వ్యాసం ఆలస్యంగా అచ్చయింది. అది చదివిన పక్కింటాయన పేపరు చేత్తో పట్టుకుని మా గేటు దాకా వచ్చారు. వంగి, కాలువలోకి చూసి, పేపరు మడిచి తన గేటు వైపు వెళ్ళిపోయారు.