పొట్ట మీద కప్పిన దుప్పటి

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో ఏ పిల్లకు ఏ నొప్పి వచ్చినా ముందు మా నాయనమ్మ దగ్గరకే తీసుకొచ్చేవారు. అలాంటిది సొంత మనవరాలికే వస్తే ఊరుకుంటుందా? జ్వరంతో, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, నా బొడ్డుకు కుడివైపున పసుపూ సున్నం కలిపి దట్టంగా పట్టు వేసింది. అది ఎర్రగా ఆరిపోయింది గానీ నొప్పి తగ్గలేదు. మా నాన్న నన్ను భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీ పట్టే మనిషి, నా మూలుగు విని చెప్పులు వేసుకోవడం కూడా మరిచాడు.

ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు వెనకాల ఆ రోజు మెడికల్ కాలేజీ విద్యార్థుల గుంపు ఉంది. ఒక్కొక్కరే రావడం, సరిగ్గా ఆ ఎర్రమచ్చ మీదే వేళ్లు పెట్టి నొక్కడం! నొప్పి ఇక్కడేనని మచ్చే చెబుతుంటే ఇంక వేరే చోట వెతకడం దేనికి? నేను గావుకేకలు పెట్టాను. అపెండిక్స్ అని అందరూ ఒకే మాట అన్నారు. ఆపరేషన్ గది సిద్ధం చేయమని కబురు కూడా వెళ్లిపోయింది.

"కోసేస్తారేటి దాదా? బతుకుతాదా నా పిల్ల?" అని మా నాన్న ఆ బెంగాలీ డాక్టరును అడిగాడు. ఆయన ఎర్రమచ్చ మీంచి చూపు తీశాడు. నా ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇంక నేను చచ్చిపోతాననే అనుకున్నాను.

అప్పుడాయన చేసిన పని ఇన్నేళ్లయినా నా కళ్లకు కట్టినట్టుంది. దుప్పటి లాగి నా పొట్ట కప్పేశాడు. దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లకు మిగతా ఒళ్లంతా చూసి చెప్పండి అన్నాడు. విద్యార్థులు నా నాలుకా కళ్లూ చూసి మళ్లీ అపెండిక్స్ అనే అన్నారు. ఆయన మాత్రం పక్క వార్డులోని పిల్లల డాక్టరమ్మను, ఆవిడ విద్యార్థులతో సహా పిలిపించాడు.

వాళ్లు బెంగాలీలో మాట్లాడుకుంటే నాకేం తెలుస్తుందిలే అనుకున్నారు కాబోలు. ఖరగ్‌పూర్‌లో పుట్టిన పిల్లకు బెంగాలీ రాకపోవడమా! అంతా విన్నాను, విని ఇంకా హడలిపోయాను. డాక్టరమ్మ ఆయన విద్యార్థులకు నా ఊపిరి చూపించింది. ఎంత వేగంగా ఆడుతోందో, ముక్కుపుటాలు ఎలా ఎగురుతున్నాయో చూడమంది. ఇది నెమ్ము కావచ్చు, ఊపిరితిత్తి అడుగున చేరితే పిల్లలు కడుపునొప్పి అనే ఏడుస్తారు, ఈ స్థితిలో మత్తు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది అంది. ఆయనేమో, అపెండిక్స్ అయితే ఆలస్యం చేసినా ప్రాణం మీదికే వస్తుంది అన్నాడు. ఇద్దరి మాటా నిజమే, మధ్యలో ఉన్నది నా ప్రాణం! ఆయన దుప్పటి తీసి, ఈసారి ఆవిడ విద్యార్థుల అరచేతులు నా పొట్ట మీద మెల్లగా ఆనించాడు. అపెండిక్స్ అయితే బిగుసుకుని ఉండాల్సిన పొట్ట, నన్ను మాటల్లో పెట్టినప్పుడు మెత్తగానే ఉందని వాళ్లే కనిపెట్టారు.

నన్ను ఎక్స్‌రేకి తీసుకెళ్లి తెచ్చారు. కాసేపటికి ఎక్స్‌రే డాక్టరు తడి ఆరని ఫిల్మును తనే పట్టుకొచ్చి కిటికీ వెలుగుకు ఎత్తాడు. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లటి మరక, నెమ్మే! రెండు గుంపుల విద్యార్థులూ తలలు ఆనించి చూశారు. పెద్ద డాక్టరు వాళ్లందరి ఎదుటా, నేను సగం పిల్లనే చూశాను, ఆవిడ రాకపోతే కోసేసేవాణ్ణి అన్నాడు. ఆపరేషన్ ఆగిపోయింది. అయినా సాయంత్రం దాకా ఇద్దరూ వస్తూనే ఉన్నారు, ఆవిడ ఛాతీ చూస్తే ఆయన పొట్ట చూసేవాడు. సూదిమందులు పడ్డాక నాలుగైదు రోజులకు జ్వరం దిగింది.

ఇంట్లో మా నాన్న సంగతంతా చెప్పి, ఆ ఎర్రమచ్చే అందరినీ పొట్ట దగ్గర ఆపేసిందంటే నాయనమ్మకు రోషం వచ్చింది. "నా పసుపేటి సేసింది? కొయ్యమని నేను సెప్పినానేటి?" అని రెండు రోజులు అలిగింది.

నేనూ పిల్లల డాక్టరునే అయ్యాను, ఆ చదువే చెప్పాను. ఉద్యోగం అయిపోయినా ఇప్పటికీ విద్యార్థులను రోగి మంచం దగ్గరకు తీసుకెళతాను. వెళ్లేముందు సర్జరీ వాళ్లకూ ఎక్స్‌రే వాళ్లకూ కబురు పెడతాను. "మేడమ్‌కి సొంతంగా తెలీదా ఏంటి?" అనే గుసగుసలు నా చెవిన పడకపోలేదు. ఒకప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు వెనక్కి తిరిగి, తెలీదమ్మా, అందుకే పిలిచాను అని గట్టిగా చెబుతాను. శిష్యుల ముందు పరువు పోతుందని ఆ పెద్దమనిషి ఒక్కమాట అడగకుండా ఊరుకుని ఉంటే, మా నాన్న ఖాళీ భుజంతో ఇంటికి నడిచేవాడు.