ర్యాజెంకా ఉన్న వైపు

ఈ ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాను. మంట సన్నగా ఉండటంతో పొంగలేదు కానీ, మరిగి మరిగి లేత గోధుమరంగుకు తిరిగాయి. ఇల్లంతా తియ్యటి మాడు వాసన. మేడ మీదనుంచి మా ఆయన రవి అరిచాడు: "ఏంటే ఆ స్మెల్? స్మోక్ అలారం మోగేలా ఉంది, ఫ్యాన్ ఆన్ చెయ్యి!" నేను ఫ్యాన్ వెయ్యలేదు. గిన్నె మీదికి వంగి ఆ వాసన పీలుస్తూ నిలబడ్డాను. కిందికి దిగి వచ్చిన రవి నా మొహం చూసి కోపం మానేశాడు. "గలీనా గారా?" అని మాత్రం అడిగాడు. తల ఊపాను. తనే పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచాడు.

గలీనా నా మొదటి బాస్. నేపర్‌విల్‌లో కాపురం పెట్టిన కొత్తలో, రోజూ రైలెక్కి చికాగో వెళ్ళి ఒక చిన్న మార్కెట్ పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. ఏ దేశంలో జనం ఏం తింటున్నారో, ఏం మానేస్తున్నారో రిపోర్టులు రాసి ఆహార కంపెనీలకు అమ్మడం మా వ్యాపారం. నాకు అప్పజెప్పింది రష్యాలో పులిసిన పాల పదార్థాల మార్కెట్. పెరుగూ మజ్జిగల మీద రిపోర్టులు రాయడానికి అంత దూరం వెళ్ళాలటే అని మా అత్తగారు ఫోన్లో పడీపడీ నవ్వారు. ఆ విభాగానికి పెద్ద గలీనా. విభాగం అంటే ఆవిడా, నేనూ, అంతే. పొట్టిగా, బొద్దుగా, తెల్లజుట్టు బిగించి ముడి వేసుకుని, ఎప్పుడూ ఏదో ఒక తప్పు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కళ్ళద్దాల పైనుంచి చూసేవారు. మొదటివారంలోనే ఆవిడంటే నాకు హడల్. ఆఫీసులో అందరూ పేరు పెట్టి పిలిచేవారు. మా అమ్మ వయసావిడను అలా పిలవడానికి నాకు నోరు రాక, "గలీనా గారూ" అన్నాను ఒకరోజు. అదేమిటని అడిగితే చెప్పాను. "మాకూ ఉంది అలాంటి పద్ధతి. పేరుకు తండ్రి పేరు కలిపి పిలుస్తాం. ఈ దేశం వచ్చాక మా నాన్న పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది. నీ 'గారు' బాగానే ఉంది, ఉంచు" అన్నారు.

రిపోర్టు మొదలుపెట్టే ముందు ఊరి చివరి రష్యన్ దుకాణం నుంచి సంచినిండా సీసాలు తెచ్చి, నా బల్ల మీద వరసగా పెట్టి, తాగమనేవారు. రుచి తెలియని సరుకు గురించి రాయడం ఆవిడ దృష్టిలో అబద్ధమాడటమే. కెఫీర్ అంటే నురుగుతో నాలుక చురుక్కుమనే చిక్కటి మజ్జిగ. అది నాకేమీ వింతగా అనిపించలేదు. ఆ తర్వాత ఇచ్చారు ర్యాజెంకా. పాలను పొద్దస్తమానం సన్నటి సెగ మీద ఉంచి, ఎర్రబడ్డాక తోడు వేస్తే వచ్చేది. ఒక్క గుటక వేసి ఆగిపోయాను. చిన్నప్పుడు పిడకల దాలి మీద కాగిన పాలు, వాటి మీద ఎర్రటి మీగడ, ఆ పాలు తోడేసిన పెరుగు! అన్నం కలుపుకుని మళ్ళీ తినలేననుకున్న రుచి చికాగోలో ప్లాస్టిక్ సీసాలో దొరికింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను దాలి గురించి చెబుతుంటే ఆవిడ మొదటిసారి నన్ను కళ్ళద్దాల పైనుంచి కాకుండా, కళ్ళద్దాల్లోంచి చూశారు. "అయితే నీకు ఈ పని వస్తుంది" అన్నారు.

వస్తుందన్నారే గానీ, నా మొదటి డ్రాఫ్టును చీల్చి చెండాడారు. రష్యాలో ర్యాజెంకా అమ్మకాలు తగ్గుతున్నాయి, తాగే యోగర్టు, ప్రోటీన్ కలిపిన పెరుగులు పెరుగుతున్నాయి అని ఎంతో గొప్పగా గ్రాఫులు గీసి ఇచ్చాను. ఆవిడ 'తగ్గుతున్నాయి' అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు.

"తగ్గడం అంటే ఏమిటి?"

"అంటే... తక్కువమంది కొంటున్నారు."

"ఎవరు మానేశారు? డబ్బు లేక మానేశారా, రుచి మారి మానేశారా, ఊరు వదిలి వెళ్ళారా, చనిపోయారా? కొనేవాళ్ళను ఎవరైనా లెక్కపెడతారమ్మాయ్. మానేసినవాళ్ళను వెతకడం మన పని. ప్రతి తగ్గుదల వెనకా ఒక వంటిల్లు ఉంటుంది."

ఆ వంటిల్లు ఎలా ఉంటుందో ఆవిడకు చెప్పేది వాళ్ళ అక్క నీనా. వోల్గా ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉండేది, నర్సుగా చేసి రిటైరైంది. శుక్రవారం పొద్దున మాకు ఆఫీసు మొదలయ్యే వేళకు అక్కడ సాయంత్రం. నీనా అప్పుడే దుకాణం నుంచి వచ్చి ఫోన్ అందుకునేది. గలీనా గారు స్పీకర్ పెట్టి, ఒక్కో మాటా నాకు ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే నేను టైప్ చేసేదాన్ని. కెఫీర్ సీసా ఎత్తు అంతే ఉంది కానీ లోపల సరుకు తగ్గించారు. పండ్ల యోగర్టు రెండు అరలు ఆక్రమించింది, ముసలమ్మలు సణుగుతున్నారు. ఏ గణాంకాల్లోనూ రాని సంగతులవి. ఆ సణుగుళ్ళనే మర్యాదస్తుల భాషలోకి మార్చి రిపోర్టులో పెట్టేవాళ్ళం.

నీనా ప్రతిసారీ మొదట చెప్పేది ర్యాజెంకా ధర. ఎందుకంటే తన కొడుకు ఆల్యోషాకు అదంటే ప్రాణం. చదువుకునే కుర్రాడు, అన్నం మానేసైనా సరే ర్యాజెంకా తాగేవాడట. ఒక్కోసారి వెనకనుంచి వాడి గొంతు వినిపించేది. ఒకసారి అమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, "పిన్నీ, నా ర్యాజెంకా తయారుచేయడం మానేస్తారని మాత్రం రాయకు, కంపెనీలవాళ్ళు నమ్మేస్తారు!" అని అరిచాడు. గలీనా గారు పగలబడి నవ్వారు. "దేశం మొత్తంలో ర్యాజెంకా తాగే కుర్రాడు వీడొక్కడే. మన భవిష్యత్ అంచనాలన్నీ వీడి మీదే నిలబడ్డాయి" అని నాతో అన్నారు. గలీనా గారికి పిల్లలు లేరు. ఆ నవ్వులో ఎంత మురిపెం ఉందో చెప్పలేను.

తర్వాత యుద్ధం వచ్చింది. విదేశీ కంపెనీలు ఒక్కొక్కటే ఆ దేశం వదిలాయి. నీనా దుకాణంలో పాత డబ్బాల మీదే కొత్త పేర్లు వచ్చాయి. చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న డెయిరీల సరుకు ముందు వరసకు జరిగింది. మామూలుగా అయితే గలీనా గారు ఆకలి మీద ఉన్నట్టు రాయాల్సిన సమయం. కానీ ఒక శుక్రవారం ఫోన్లో ఏదో గట్టిగా మాట్లాడారు, స్పీకర్ తీసేశారు. పెట్టేసి నా వైపు తిరిగారు. ఆల్యోషా సైన్యంలోకి వెళ్ళాడట. "ఎలా పోనిచ్చావే అని అడిగాను. అలా అడగకుండా ఉండాల్సింది" అన్నారు. దూరాన సుఖంగా కూర్చుని నాకు నీతులు చెప్పకు, ఇక ఆ సంగతి నా దగ్గర ఎత్తకు అని నీనా తెగేసి చెప్పిందట.

ఆ రోజునుంచి అక్కాచెల్లెళ్ళ మధ్య మిగిలింది దుకాణంలోని షెల్ఫ్ ఒక్కటే. యుద్ధం గురించి లేదు, ఆరోగ్యం గురించి లేదు, ఆల్యోషా గురించి అసలే లేదు. కెఫీర్ ధర, పెరుగు డబ్బా బరువు, ఏ అర ఖాళీగా ఉందో. ఆఫీసువాళ్ళకు కావాలి కాబట్టి నీనా చెబుతుంది, ఆఫీసువాళ్ళు అడుగుతున్నారు కాబట్టి గలీనా వింటుంది. ర్యాజెంకా ధర మాత్రం మొదట చెప్పడం మానలేదు. అది వింటే చాలు, గలీనా గారి భుజాలు కిందికి దిగేవి. నీనా ఇంకా ర్యాజెంకా వైపు చూస్తోందంటే కొడుకు వస్తాడని ఎదురుచూస్తోందన్నమాట.

ఒక వేసవిలో మా మేనేజర్ ఇద్దరినీ పిలిచి, రష్యా రిపోర్టుకు కొనేవాళ్ళు లేరు, ఆపేస్తున్నాం అని చెప్పాడు. నన్ను ఇంకో దేశానికి మార్చారు, ఆవిడను రిటైర్ కమ్మన్నారు. జీతం గురించి, పదవి గురించి ఎప్పుడూ ఎవరినీ దేహీ అనని మనిషి ఆ రోజు కుర్చీ అంచుకు జరిగి, "డబ్బేమీ వద్దు. రిపోర్టు ఒక్కటీ ఉండనివ్వండి. నేనే రాసిస్తాను" అని బతిమాలారు. అతనికి అర్థం కాలేదు. కాపీ రైట్ల గురించి ఏదో చెప్పాడు. బయటికి వచ్చాక ఆవిడ లిఫ్ట్ బటన్ నొక్కారు. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యను?" అన్నారు.

"రిపోర్టు ఉందనే చెప్పండి, ఆవిడకేం తెలుస్తుంది?" అన్నాను.

"అక్కతో అబద్ధం చెప్పను. ఎవరో ఒకరు నిజంగా అడుగుతుంటేనే అడగగలను."

"అయితే నేను అడుగుతున్నాను. నాకు కావాలి. ప్రతివారం."

లిఫ్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకుని మళ్ళీ మూసుకుపోయాయి. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "శుక్రవారం నీకు ఆఫీసు ఉంటుంది. శనివారం రా" అన్నారు, ఇంకా నా బాస్ అయినట్టే.

అలా శనివారాలు ఆవిడ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళడం మొదలైంది. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి నేను టైప్ చేసేదాన్ని, వారానికొక పేజీ. "ఆ రిపోర్ట్ ఎవరు చదువుతారే? నువ్వొక్కదానివేగా సబ్‌స్క్రైబర్‌వి" అని రవి ఏడిపించేవాడు. అయినా రోడ్ల మీద మంచు పడినప్పుడు తనే డ్రైవ్ చేసి దింపేవాడు.

శీతాకాలంలో ఒక శనివారం నీనా ఫోన్ ఎత్తగానే కెఫీర్ ధర చెప్పింది. తర్వాత యోగర్టు. తర్వాత పెరుగు, వెన్న. అప్పటికి వాళ్ళ చిన్నచిన్న మాటలు నాకు వాటంతట అవే అర్థమయ్యేవి. నేను టైప్ చేస్తూనే ఉన్నాను. గలీనా గారు ఇంగ్లీషులో చెప్పడం ఆపేశారని కాసేపటికి గానీ గమనించలేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. నీనా చెప్పాల్సినవన్నీ చెప్పి ఆగింది. గలీనా గారు చాలా మెల్లగా అడిగారు: "ర్యాజెంకా రాలేదా?"

నీనా గొంతు, ఎప్పటిలాగే, ధర చెబుతున్నట్టే వినిపించింది. "వచ్చింది. నేను అటువైపు చూడటం లేదు."

గలీనా గారు కళ్ళు మూసుకున్నారు. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఏడుపు గొంతులోకి రాకుండా ఎలా ఆపుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. "కెఫీర్ పెద్ద సీసానా, చిన్నదా?" అని అడిగారు. "చిన్నది" అంది నీనా. "సరే, రాసుకున్నాను. వచ్చే శనివారం మళ్ళీ చెయ్యనా?" అని అడిగారు. "చెయ్యి" అంది నీనా. అంతే.

ఫోన్ పెట్టేశాక నేను ఆవిడను పట్టుకుని ఏడ్చాను. ఆల్యోషాను నేను చూడలేదు, వాడి గొంతు ఒక్కటే తెలుసు. ఎందుకు అడగలేదండీ, అక్కతో కలిసి ఏడవొచ్చు కదా అన్నాను. "చెప్పగలిగితే చెప్పేది. చెప్పలేనిదాన్ని నా చేత అడిగించుకోకుండా నాకు తెలిసేలా చేసింది. ఇంతకంటే ఏం కావాలి? పెట్టెయ్యకుండా ఫోన్ పట్టుకుంది చాలు" అన్నారు. ఆ రోజు పేజీలో ర్యాజెంకా గడి ఖాళీగా వదలమన్నారు. అంతకుముందు ఖాళీ గడి కనిపిస్తే చాలు, నా మీద విరుచుకుపడేవారు.

మరుసటి ఏడాది గలీనా గారికి క్యాన్సర్ అని తెలిసింది. అప్పటికే ముదిరిపోయింది. ఆస్పత్రిలో ఏదీ సయించకపోతే ఇంట్లో తోడుపెట్టిన పెరుగు తీసుకెళ్ళేదాన్ని. రెండు చెంచాలు తిని, పులుపు ఎక్కువైందనో, తోడు పాతబడిందనో ఏదో ఒక వంక పెట్టేవారు. వంక పెట్టిన రోజు నేను ఇంటికి సంతోషంగా వెళ్ళేదాన్ని. చివరి వారంలో నా ఫోన్ తీసుకుని అందులో నీనా నంబర్ పెట్టారు. నాకు మీ భాష మాట్లాడటం రాదు కదండీ అంటే, "షెల్ఫ్ ఫొటో పంపమను, నువ్వూ పంపు. మాటలు మాకు మాత్రం ఏం వచ్చాయి కనక?" అన్నారు. తర్వాత, "మా అక్కకు ఇక అడిగేవాళ్ళు ఎవరూ లేరు" అన్నారు. నేను మాట కూడా సరిగా ఇవ్వలేకపోయాను, తల ఊపి ఫోన్ తీసుకున్నాను.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో, వేరే సరుకుల మీద పనిచేస్తున్నాను. నా కింద ఇద్దరు కుర్ర ఉద్యోగులున్నారు. అమ్మకాలు తగ్గాయని రాసుకొస్తే ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, ఎవరు మానేశారు అని అడుగుతాను. వాళ్ళకు నేనంటే హడలని నాకు తెలుసు. మనుషుల దగ్గరా అదే అలవాటైంది. ఎవరైనా ఏదైనా చెబుతుంటే, చెప్పకుండా దాటేసినది ఏమిటా అని చెవి అటు పోతుంది. దొరికాక అడగకుండా ఊరుకోవడమే ఇంకా కష్టంగా ఉంది.

పాలు మాడిన ఈ ఉదయమే, శనివారం కదా అని, రష్యన్ దుకాణానికి వెళ్ళాను. చల్లటి అద్దాల తలుపు తెరవగానే కళ్ళు వెతికేది నా ర్యాజెంకానే, ఎడమ చివర, లేత గోధుమరంగు సీసాలు. ఒకటి తీసి బుట్టలో వేసుకున్నాను. ఫోన్ చూస్తే నీనా ఫొటో వచ్చి ఉంది. ఎప్పటిలాగే కెఫీర్ దగ్గర మొదలై, యోగర్టు, పెరుగు, వెన్న. కెఫీర్‌కు ఎడమవైపు ఏముందో ఏ వారం ఫొటోలోనూ కనిపించదు. గలీనా గారు నేర్పిన కళ్ళు కనక నేనది చూడకుండా ఉండలేను. వెనక్కు జరిగి, నేనూ షెల్ఫ్ ఎదురుగా ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. ర్యాజెంకా పడకుండా ఫోన్ కాస్త కుడికి జరిపి, ఫొటో తీసి పంపాను.