కాలర్‌కు చుట్టిన పసుపు గుడ్డ

ఏప్రిల్ వచ్చిందంటే ప్రసాద్‌కి నడుమూ ఉండదు, నిద్రా ఉండదు. చాట్రాయి చుట్టుపక్కల ట్రాక్టర్‌కు తగిలించి మొక్కజొన్న ఒలిచే మిషన్ నడుపుతాడు. మిషన్ తిరుపతిరావుది. దాని మీద భక్తి కూడా ఆయనదే.

దసరా పూజప్పుడు ఆయన పసుపు గుడ్డలో నిమ్మకాయ పెట్టి, మిషన్‌ని తిప్పే ఇనప కడ్డీకి, అదే షాఫ్టుకి, చివరన ఉండే కాలర్‌కు కట్టించాడు. కాలరంటే షాఫ్టు పక్కకి జరగకుండా పట్టి ఉంచే ఇనప కడియం. ఒక్క బోల్టుతో బిగుస్తుంది. దాన్ని కప్పే రేకు గుడ్డకు అడ్డమొస్తోందని తీసి కొట్టంలో పడేశారు. మనిషిని కాపాడే రేకు పోయి, మిషన్‌ని కాపాడే గుడ్డ వచ్చింది. మళ్ళీ దసరా దాకా దాన్ని ముట్టుకోకూడదట.

ఈమధ్య షాఫ్టు పక్కకి జరిగి గరగరమంటోంది. బోల్టు వదులైందని ప్రసాద్‌కి అనుమానం. గుడ్డ విప్పితేగాని తెలియదు. అడిగితే, మబ్బు పట్టింది, ఈ కుప్ప కానీయమన్నాడు తిరుపతిరావు. కూలీల్లో సగం మంది మామిడి కోతలకు పోయారు. వాదించే ఓపిక ప్రసాద్‌కీ లేదు. కానిచ్చాడు.

మధ్యాహ్నం గుడ్డ చివర చిరిగి, షాఫ్టుతోపాటు గిరగిరా కొట్టుకోవడం మొదలెట్టింది. పక్కనే కండెలు వేస్తున్న రమణమ్మ వంగింది. ఆమె పైట ఆ గుడ్డతో కలిసి షాఫ్టుకు చుట్టుకుంది. ప్రసాద్ ట్రాక్టర్ ఆపేలోపు పైట సగానికి చిరిగింది. చిరగబట్టి మనిషి మిగిలింది. ఆమె కుప్ప మీద కూలబడి, చాలాసేపు తన చెయ్యే చూసుకుంటూ ఉండిపోయింది.

ప్రసాద్ కొడవలితో గుడ్డ కోసేశాడు. లోపల బోల్టు సగం బయటికొచ్చి, తల పొడుచుకుని ఉంది.

బండి మీద వచ్చిన తిరుపతిరావు ముందు గుడ్డనే చూశాడు.

"పూజ చేసింది కోశావేంట్రా?"

"కోయకపోతే ఈసారి చీరతో ఆగదండీ."

"ఇన్నాళ్ళూ ఏమైంది?"

"ఇన్నాళ్ళూ ఏం కాలేదండీ. ఇవాళ అయింది. కావాలంటే ట్రాక్టర్ అద్దానికి కట్టుకోండి. అది తిరగదు."

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. తిరుపతిరావు నవ్వలేదు.

ప్రసాద్ హనుమాన్ జంక్షన్ వెళ్ళి రెండు ముక్కల కాలర్ తెచ్చాడు. షాఫ్టు ఊడదీయకుండానే చుట్టూ పెట్టి బిగించొచ్చు. బోల్టు తలలు లోపలికే ఉంటాయి, బయట నున్నగా ఉంటుంది. రేకు కూడా వెతికి బిగించాడు. పొద్దు వాలేదాకా మిషన్ మారాం చేయకుండా నడిచింది. వెళ్ళేటప్పుడు, రేపట్నుంచి వేరే డ్రైవర్ వస్తాడని తిరుపతిరావు అటు తిరిగి చెప్పాడు. ప్రసాద్ సరేనన్నాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త బలం కావాలి.

మర్నాడు మంచం మీద ఉండగానే రమణమ్మ ఫోన్ చేసింది. తిరుపతిరావు కొత్త గుడ్డ తెచ్చాడట. కొత్త డ్రైవర్ చేత మళ్ళీ రేకు విప్పించాడట.

"మేమెవ్వరం పనికి లేవలేదు తమ్ముడూ. చేని పక్క మామిడి చెట్ల కింద కూర్చున్నాం."

"కూలి పోద్దేమో అక్కా."

"పోతే పోనీ. రేకెయ్యమన్నాం. నువ్వొచ్చి చెప్పక్కర్లేదులే, పడుకో."

ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాడు. ఆ చేను దూరమేం కాదు, మిషన్ మొదలైతే ఇంట్లోకి వినిపిస్తుంది. చెవి అటే వేసి చాలాసేపు ఉన్నాడు. ఏమీ వినపడలేదు. వింటూ వింటూనే నిద్రపోయాడు.