మిగిలిన చరణం

మిరపకోతల్లో మేస్త్రి అన్నాలకు పిలిచినా సరే, పట్టిన పాట పూర్తయ్యేదాకా మా పిన్ని గట్టు మీదకు వచ్చేది కాదు. అలాంటి మనిషిని ఒంగోలులో శని, ఆదివారాలు జరిగిన పాటల, బొమ్మల పండగలో పాడమని పిలిచారు. ఆవరణ గోడల నిండా బొమ్మలు, మధ్యలో వేదిక. ఆమె రెండో చరణంలో ఉండగా ముఖ్య అతిథి వచ్చారని నిర్వాహకుడు మైకు కట్టేయించాడు.

"చాలమ్మా, సార్ మాట్లాడాలి."

"సార్ ఎక్కడికీ పోర్లే అయ్యా, ఇంకో చరణం ఉంది."

పిన్ని మైకు అతని చేతిలో పెట్టి, వేదిక దిగి, జనం మధ్య నిలబడి గొంతెత్తింది. కుర్చీలన్నీ ఆమె వైపు తిరిగాయి. మెడలో దండతో వేదిక మీద నిలబడిపోయిన అతిథికి, పాడుతూనే, కూర్చోమని చెయ్యూపింది.

ఆయన కూర్చున్నాడు.